వార్తల్లో పదం: ఫైబర్‌నెట్

ప్రభుత్వమే ఇంటింటికీ ఇంటర్నెట్ ఇవ్వాలంటే ముందు తేలాల్సింది తీగ ఎటు నుంచి వెళ్లాలన్నది. విజయవాడ కేంద్రంగా పనిచేసే ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాలను ఎంచుకుంది. రోడ్లు తవ్వే పని తప్పింది, ఖర్చూ తగ్గింది. కాలవల నడుమ ఊళ్లున్న కృష్ణా డెల్టాకు ఇది తెలివైన దారి. తుపాను గాలి ముప్పు మాత్రం తప్పదు.

2015లో సంస్థ ఏర్పడింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాని సేవలను ప్రారంభించారు. ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి అప్పట్లో ఆరంభ ధర నెలకు రూ.149.

ఇంటి దాకా తీగ లాగేది స్థానిక కేబుల్ ఆపరేటర్లే.

అమెరికాలో చట్టనూగా నగర విద్యుత్ సంస్థ 2010లోనే గిగాబిట్ వేగం అందించింది. అక్కడ స్తంభాలూ, కనెక్షన్లూ ఒకే సంస్థవి. ఇక్కడ స్తంభాలు విద్యుత్ పంపిణీ సంస్థలవి, కనెక్షన్లు ఆపరేటర్ల చేతిలో. అందుకే నగరపాలక సంస్థలు సొంత బ్రాడ్‌బ్యాండ్ తలపెడితే, తీగ తెగిన రోజు బాధ్యత ఎవరిదో ఒప్పందంలోనే రాయించాలి.