అలుగుకూ పదును, నేలకూ పదును

పిట్లంలో అలుగంటే ఏమిటని అడిగి చూడండి, చెయ్యి చెరువు వైపే చూపిస్తారు. నిండిన చెరువు పొర్లిపోయే చోటది. పాత తెలుగులో బాణం కొసనున్న ఇనుప మొన కూడా అలుగే. పదును సంగతీ అంతే. వానకు తడిసి విత్తనానికి అనువైన నేలకు పదునుంది అంటాం, కత్తి వాదరకూ అదే మాట. బాణపు అలుగు మాట ఇప్పుడు మరుగున పడింది. పదును పెట్టే విద్య మాత్రం కొడవలిలో బతికే ఉంది.

వెడల్పాటి బాణపు అలుగు గుచ్చడంతో సరిపెట్టుకోదు, కోసుకుంటూ పోతుంది. అంచును మరీ పలచగా నూరితే ఎముక తగలగానే మడత పడుతుంది, మరీ మందంగా ఉంటే కొయ్యదు. అందుకే ఒక్కో పక్క ఇరవై డిగ్రీల వాలు మధ్యేమార్గం. ఆ వాలు చివరిదాకా మారకూడదు. ఒక పక్కే నూరుతూ పోతే అవతలి అంచుకు సన్నటి ఇనుప పోగు మలుచుకుంటుంది, గోటికి గీరుకుంటుంది. చాలామంది దాన్నే పదును అనుకుని ఆపేస్తారు. రెండో పక్క నూరి, చేతి బరువు తగ్గించుకుంటూ అటూ ఇటూ తేలిగ్గా రాస్తే ఆ పోగు రాలిపోతుంది. అసలు పదును తేలేది అప్పుడే.

కరెంటు సానచక్రం పని తొందరగా చేస్తుంది, నిజమే. ఇనుము మాత్రం వేడెక్కుతుంది. అంచు నీలం తిరిగిందంటే దాదాపు మూడు వందల డిగ్రీలు తాకినట్టు. కమ్మరి కాల్చి నీళ్ళలో ముంచి ఇచ్చిన గట్టిదనం అక్కడ సడలిపోతుంది. నేనూ ఓ కొడవలిని అలాగే పాడు చేసుకున్నాను. నిప్పురవ్వలు చూసి మురిసిపోయాను, వారానికే మొద్దుబారింది.

పదును నిలవాలంటే ముందు ఉక్కు మంచిదవ్వాలి. ఆ విషయంలో మన ప్రాంతానికి ప్రపంచ ఖ్యాతి ఉండేది. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. 2016 అక్టోబరు దాకా పిట్లం కూడా ఆ జిల్లాలోదే. కోనసముద్రంలో మట్టి మూసలో ఇనుము వేసి మూతపెట్టి కాల్చేవారు. మూస నెమ్మదిగా చల్లారేది. ఆ ముద్దల్ని కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. హెన్రీ వాయ్సీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పని చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఇంగ్లీషువాళ్ళు వూట్జ్ అని పిలిచిన ఉక్కు ఇదే. ఆ పేరుకు మూలం మన ఉక్కే అని పండితులంటారు.

మీ ఇంటి చూరులో కొడవలి ఉంటే తుప్పు గీకి నూనె రాయండి. మామూలు కొడవలినైతే తడిపిన సానరాయి మీద నూరుకోవచ్చు. కక్కు కొడవలిని మాత్రం రుద్దకండి, పళ్ళు అరిగిపోతాయి. మళ్ళీ కక్కులు కొట్టాల్సింది కమ్మరే.