మెల్‌బోర్న్‌లో మెరిసిన హైదరాబాద్ అమ్మాయి

మన ఎడ్మండ్‌సన్ పార్క్ తెలుగు ఇళ్ళలో జిమ్నాస్టిక్స్ క్లాసుకి వెళ్ళే ఆడపిల్లలు ఉన్నారు. వారాంతం వస్తే జిమ్మా, తెలుగు బడా అన్న పేచీ మనకి కొత్త కాదు. అయినా బుద్దా అరుణా రెడ్డి ఎవరని అడిగితే పిల్లలే కాదు, పెద్దవాళ్ళం కూడా తెల్లమొహం వేస్తాం. ఆ అమ్మాయి రికార్డు సృష్టించింది ఎక్కడో కాదు, మన హ్యూమ్ హైవే అటు చివర ఉన్న మెల్‌బోర్న్‌లోనే.

2018 ఫిబ్రవరి 24న అక్కడ జరిగిన జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్ వాల్ట్ పోటీలో అరుణ కాంస్య పతకం గెలిచింది. ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం సాధించిన తొలి భారతీయ జిమ్నాస్ట్ ఆమే. అప్పటికి వయసు 22.

వాల్ట్ అంటే సుమారు 25 మీటర్లు పరుగెత్తి, స్ప్రింగ్‌బోర్డు మీద ఎగిరి, 1.25 మీటర్ల ఎత్తున్న బల్లను చేతులతో నెట్టి, గాలిలో పల్టీలు కొట్టి నిలబడటం. అంతా కొద్ది సెకన్ల పని. మార్కులు రెండు రకాలు. చేసే విన్యాసం ఎంత కష్టమైనదో దాన్నిబట్టి ముందే నిర్ణయించినవి కొన్ని. ఎంత శుభ్రంగా చేశారో చూసి పదిలోంచి కోతలు పోగా మిగిలినవి కొన్ని. ఫైనల్లో రెండు వేర్వేరు వాల్టులు చేయాలి, వాటి సగటే స్కోరు.

లెక్కలంటే మాకు కాస్త పిచ్చి కనుక ఇది కూడా చూడండి. స్లొవేనియా అమ్మాయి టియాషా కిసెలెఫ్ 13.800తో స్వర్ణం, ఆస్ట్రేలియా అమ్మాయి ఎమిలీ వైట్‌హెడ్ 13.699తో రజతం గెలిచారు. అరుణకి వచ్చింది 13.649. అంటే రజతానికి తేడా 0.05. కిందికి దిగేటప్పుడు ఒక చిన్న అడుగు పక్కకి పడితే కోత 0.1, రెండు వాల్టుల సగటులో అది 0.05 అవుతుంది. ఒక్క అడుగు ఖరీదన్నమాట!

అరుణ మొదట నేర్చుకున్నది కరాటే, బ్లాక్ బెల్టు కూడా సంపాదించింది. ఒళ్ళు విల్లులా వంగడం గమనించి జిమ్నాస్టిక్స్‌లో చేర్పించింది తండ్రి నారాయణ రెడ్డి గారు. హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో స్వర్ణలత గారి దగ్గర ఓనమాలు, తరువాత బ్రిజ్ కిశోర్ గారి శిక్షణ. ఆటలంటే క్రికెట్, మహా అయితే బాడ్మింటన్ అనుకునే మన ఊళ్ళలో ఆ తండ్రి నిర్ణయం చిన్నది కాదు. ఇక్కడ అన్ని సౌకర్యాలూ ఉన్నా, సెలెక్టివ్ స్కూల్ కోచింగ్ మొదలవగానే మనం ముందుగా మాన్పించేది ఆటలనే కదా! నారాయణ రెడ్డి గారు 2010లో కాలం చేశారు. మెల్‌బోర్న్ పతకాన్ని అరుణ ఆయనకే అంకితం చేసింది.

రిబ్బను, బంతి, రింగు పట్టుకుని సంగీతానికి చేసే రిథమిక్ జిమ్నాస్టిక్స్ వేరు. అందులోనూ మన అమ్మాయి ఉంది. హైదరాబాద్‌కే చెందిన మేఘనా రెడ్డి 2018 ఏప్రిల్‌లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో భారత్ తరఫున పాల్గొంది.

ఆ తరువాత అరుణకి మోకాలి లిగమెంటు దెబ్బతింది, ఆపరేషన్ అయింది, అంతలో కోవిడ్ వచ్చింది. వాల్ట్‌లో దిగే బరువంతా పడేది ఆ మోకాళ్ళ మీదే. అయినా 2021లో ఈజిప్టు రాజధాని కైరోలో జరిగిన ఫారోస్ కప్‌లో వాల్ట్, ఫ్లోర్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచింది.