నియాసిన్: గిటార్ లేదు.. సింగర్ లేడు.. విటమిన్ పేరున్న ఈ బ్యాండ్‌ను ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

'నియాసిన్' అని ఫోన్‌లో టైప్ చేసి చూడండి. విటమిన్ మాత్రలు, కొలెస్ట్రాల్, హెల్త్ టిప్స్.. ఇవే ఎక్కువగా కనిపిస్తాయి. కానీ అదే పేరుతో అమెరికాలో ఓ జాజ్ ఫ్యూజన్ బ్యాండ్ ఉంది. సభ్యులు ముగ్గురే. 1996 నుంచి 2013 మధ్యలో ఆరు స్టూడియో ఆల్బమ్‌లు చేశారు. సంగీతం బాగా తెలిసిన వాళ్లలో కూడా చాలామంది ఈ బ్యాండ్‌ను ఆలస్యంగానే కనిపెడతారు. ఇంతకీ ఈ ముగ్గురి ప్రత్యేకత ఏంటి? ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

ఆ పేరు ఎందుకు పెట్టారు?

నియాసిన్ అంటే విటమిన్ బీ3. ఈ బ్యాండ్‌లో మెయిన్ వాయిద్యం 'హామండ్ బీ3' అనే ఆర్గాన్. రెండింటిలోనూ బీ3 ఉంది కదా.. అదే ఆ పేరు వెనుక కథ.

ఆర్గాన్ వాయించేది జాన్ నొవెల్లో. బేస్ గిటార్ బిల్లీ షీహన్. 1992లో అమెరికా చార్టుల్లో నంబర్ వన్‌కి వెళ్లిన 'టు బీ విత్ యూ' పాట గుర్తుందా? ఆ పాట చేసిన 'మిస్టర్ బిగ్' రాక్ బ్యాండ్ బేసిస్ట్ ఈయనే. డ్రమ్స్ డెనిస్ చాంబర్స్. పార్లమెంట్ ఫంకడెలిక్‌తో ఫంక్, జాన్ స్కోఫీల్డ్‌తో జాజ్ వాయించారు. సంతానా బ్యాండ్‌లోనూ పనిచేశారు. అంటే ఒకరిది రాక్, ఇంకొకరిది ఫంక్. మధ్యలో ఆర్గాన్.

హామండ్ బీ3 అంటే ఏంటి?

చూడ్డానికి చెక్క బల్ల మీద రెండు వరసల కీబోర్డు ఉన్నట్టు ఉంటుంది. కానీ లోపల చిప్‌లు ఏమీ లేవు. ఒక మోటారు తిరుగుతూ ఉంటే దాంతోపాటు 91 లోహపు చక్రాలు తిరుగుతాయి. అంచుల్లో గరుకులున్న ఆ చక్రాలు అయస్కాంతం, తీగచుట్టల ముందు తిరిగేసరికి కరెంటు తరంగాలు పుడతాయి. అవే స్వరాలు. దీన్ని రూపొందించిన లారెన్స్ హామండ్ అంతకుముందు ఎలక్ట్రిక్ గడియారాలు తయారుచేసేవారు. గడియారం మోటారు ఐడియానే ఆర్గాన్‌లోకి తెచ్చారు.

పియానోలో మీట నొక్కితే స్వరం కాసేపటికి తగ్గిపోతుంది. ఆర్గాన్ అలా కాదు.. మన హార్మోనియంలా, వేలు తీసేదాకా స్వరం నిలబడే ఉంటుంది. దీనికి తోడు 'లెస్లీ' అనే స్పీకర్ పెట్టె ఉంటుంది. అందులో హార్న్ గుండ్రంగా తిరుగుతుంది. రైలు మన ముందు నుంచి వెళ్లేటప్పుడు కూత మారినట్టు వినిపిస్తుంది కదా.. ఆ మార్పే ఇక్కడ సెకనుకు కొన్నిసార్లు జరుగుతుంది. అందుకే ఆ శబ్దం వణుకుతూ, అలలా వస్తుంది.

పెడల్స్, బల్లతో కలిపితే బీ3 బరువు దాదాపు 190 కిలోలు. 1970ల మధ్యలోనే తయారీ ఆగిపోయింది. ఇప్పుడు స్టేజీల మీద కనిపించే ఒరిజినల్ బీ3లన్నీ కనీసం 50 ఏళ్ల నాటివే.

గిటార్ లేకుండా ఎలా?

ఆర్గాన్ ట్రియో కొత్తదేం కాదు. 1956లో బ్లూ నోట్ సంస్థ కోసం రికార్డింగులు మొదలుపెట్టిన జిమ్మీ స్మిత్ దీనికి ఒక పద్ధతి ఏర్పరిచారు. కుడిచేత్తో రాగం, ఎడమచేత్తో, కాళ్లతో బేస్. పక్కన గిటార్, డ్రమ్స్. బేసిస్ట్ అక్కర్లేదు.

నియాసిన్ ఈ లెక్కను తిరగేసింది. బేసిస్ట్‌ను తెచ్చింది, గిటారిస్ట్‌ను తీసేసింది. దాంతో ఆర్గానిస్ట్ ఎడమచెయ్యి ఖాళీ అయింది. ఇక రాక్ గిటార్‌లో ఉండే గరుకు శబ్దం ఎక్కడి నుంచి రావాలి? సగం ఆర్గాన్ నుంచి, సగం షీహన్ డిస్టార్షన్ పెట్టిన బేస్ నుంచి. చాలామంది మొదటిసారి విన్నప్పుడు 'ఇందులో గిటార్ ఎవరు వాయిస్తున్నారు?' అనుకునేది అందుకే.

ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

వరుసగా మొదటి ఆల్బమ్ నుంచి వినాల్సిన పనిలేదు. ఇలా ట్రై చేయండి..

ముందుగా 'టైమ్ క్రంచ్' (2001): ఇందులో కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ 1974 నాటి 'రెడ్' ఉంది. ఒరిజినల్‌లో ఆ ట్యూన్‌కి ప్రాణం గిటారే. ముందు అది వినండి, వెంటనే నియాసిన్ వెర్షన్ వినండి. గిటార్ పనిని ఆర్గాన్ ఎలా లాక్కుందో అర్థమైపోతుంది. జెఫ్ బెక్ వాయించిన 'బ్లూ విండ్' కూడా ఇదే ఆల్బమ్‌లో ఉంది.

తర్వాత 'హై బయస్' (1998): వెదర్ రిపోర్ట్ బ్యాండ్ ఫేమస్ ట్యూన్ 'బర్డ్‌లాండ్' ఇందులో ఉంది. రాక్ కంటే జాజ్ ఇష్టపడేవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

అప్పుడు 'నియాసిన్' (1996): మొదటి ఆల్బమ్. జాజ్ పియానిస్ట్ చిక్ కొరియా స్థాపించిన స్ట్రెచ్ రికార్డ్స్ విడుదల చేసింది. ముగ్గురూ ఒకరినొకరు వెతుక్కుంటున్న రోజుల సౌండ్ ఇది.

'డీప్' (2000): రూల్ తప్పిన ఆల్బమ్. గతంలో డీప్ పర్పుల్‌లో ఉన్న గ్లెన్ హ్యూస్ ఇందులో పాడారు. టోటో బ్యాండ్ స్టీవ్ లూకథర్ గిటార్ వాయించారు. మిగతావి విన్నాక దీన్ని వింటేనే తేడా తెలుస్తుంది.

చివరగా 'ఆర్గానిక్' (2005), 'క్రష్' (2013): అప్పటికి చెవి అలవాటు పడి ఉంటుంది కాబట్టి వీటికి గైడ్ అవసరం లేదు.

దీని వేరు ఎక్కడుంది?

నియాసిన్ నచ్చితే 1969కి వెళ్లాల్సిందే. ఆ ఏడాది డ్రమ్మర్ టోనీ విలియమ్స్ 'లైఫ్‌టైమ్' అనే ట్రియో పెట్టారు. ఆర్గాన్ లారీ యంగ్, గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్. వాళ్ల 'ఎమర్జెన్సీ!' ఆల్బమ్ సౌండ్ క్వాలిటీ అంత బాగుండదు. కానీ జాజ్‌లోని మనోధర్మాన్ని రాక్ జోరుతో కలిపిన తొలి ఆల్బమ్‌లలో అదొకటి. లారీ యంగ్ 37 ఏళ్లకే, 1978లో కన్నుమూశారు. ఆర్గాన్‌తో ఇంకా ఏం చేసేవారో ఇక తెలిసే అవకాశం లేదు.

ఆ మెక్‌లాఫ్లిన్ మనకు కొత్తవారేం కాదు. 'రిమెంబర్ శక్తి' బృందంలో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌తో కలిసి వాయించింది ఆయనే. ఆ కచేరీలు విన్నవాళ్లకు ఫ్యూజన్ తలుపు ఇప్పటికే సగం తెరిచి ఉన్నట్టే.

ఫోన్‌లో వినేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి

ఒకటి.. ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. చిన్న స్పీకర్ బేస్‌ను దాదాపు మింగేస్తుంది. ముగ్గురే ఉన్న బ్యాండ్‌లో బేస్ పోతే మూడోవంతు సంగీతం పోయినట్టే. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.

రెండు.. వెతికేటప్పుడు బ్యాండ్ పేరుతో పాటు బిల్లీ షీహన్ అనో, జాన్ నొవెల్లో అనో కలిపి టైప్ చేయండి. మాత్రల గోల తప్పుతుంది.

మూడు.. 30 సెకన్లకే స్కిప్ కొట్టొద్దు. ఇక్కడ పల్లవి, చరణం ఉండవు. ముందు ఒక ట్యూన్ చెప్తారు, తర్వాత ఒక్కొక్కరూ దాన్ని విడదీసి అల్లుకుంటూ వెళ్తారు, చివర్లో మళ్లీ అందరూ అదే ట్యూన్ దగ్గర కలుస్తారు. మధ్యలో వదిలేస్తే అది గోలలాగే మిగిలిపోతుంది. చివరిదాకా ఆగితే, ముగ్గురూ ఎక్కడి నుంచి బయల్దేరి ఎక్కడికి చేరారో మీకే తెలుస్తుంది.