రికార్డు సాగుచుండగనే గడచిన దృశ్యము చూచుట
(చూడి పశువుల కొట్టములో కంప్యూటరు)

చూడి పశువు ఈనవలసిన రాత్రి రైతునకు కంటిమీద కునుకుండదు. అయినను తెల్లవార్లు కొట్టములోనే కూర్చుండుట ఎవరికిని సాధ్యము కాదు. మడికి నీరు మళ్ళించి రావలసి యుండును. ఇంటిలో పని యుండును. తిరిగి వచ్చి చూచుసరికి గేదె నీటిసంచి పగిలి యున్నదనుకొనుడు. అది పగిలి అరగంట అయినదా, మూడు గంటలు అయినదా?

ఈ ప్రశ్నకు జవాబు చాల ముఖ్యము. నీటిసంచి కనబడిన తరువాత సాధారణముగా రెండు గంటలలోపల దూడ బయట పడవలెను. తొలిచూలు పడ్డలకు మరికొంత సేపు పట్టవచ్చును. గడువు దాటినను దూడ రాకున్నచో అది కడుపులో అడ్డము తిరిగియుండవచ్చును. ఇక వేచియుండుట దూడకును, తల్లికిని ప్రాణాపాయము. వెంటనే పశువైద్యుని పిలువవలెను. మన రెండు తెలుగు రాష్ట్రములలోను సంచార పశువైద్యశాలకు 1962 నెంబరుకు ఫోను చేయవచ్చును. వైద్యుడు వచ్చి మొట్టమొదట అడుగునది కూడ వేళ గురించియే.

కొట్టములో కెమెరా పెట్టి కంప్యూటరులో వీడియో రికార్డు చేయు రైతులకు ఈ వేళ తెలియుట కష్టము కాదు. అయితే ఇక్కడనే ఒక చిక్కు కలదు. తెరమీద కనబడు ప్రత్యక్ష దృశ్యము ఇప్పటి సంగతి మాత్రమే చెప్పును. గంట క్రిందటి సంగతి రికార్డులో నున్నది. దానిని చూచుటకై పలువురు రికార్డును ఆపివేయుదురు. వెనుకటి దృశ్యము వెదకుచున్నంతసేపు ముందరి దృశ్యము నమోదు కాకుండ పోవును. దూడ కాళ్ళు కనబడునది ఆ పావుగంటలోనే కావచ్చును! నిజమునకు రికార్డును ఆపవలసిన పని లేదు. ఒక ప్రోగ్రాము వ్రాయుచుండగా మరొక ప్రోగ్రాము అదే ఫైలును చదువవచ్చును.

కంప్యూటరు ఈ రెండు పనులు ఒక్కసారి మోయగలదా అని కొందరు సందేహింతురు. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసినచో గంటకు సుమారు 1.8 గిగాబైట్లు, అనగా సెకనుకు అర మెగాబైటు మాత్రమే డిస్కులో చేరును. చదువుటకు మరొక అర మెగాబైటు. మామూలు హార్డ్ డిస్కునకు ఇది ఒక బరువు కాదు.

అసలు కీలకము ఫైలు రకములో నున్నది. గ్రామ అధికారులకు, పాత లెక్కలు తెలిసిన పెద్దలకు ఇది సులభముగా బోధపడును. చిట్టాలో ఏ రోజు పద్దు ఆ రోజే వ్రాయబడును. నడుమ ఏ పుట తెరచినను చదువవచ్చును. ఆవర్జా అట్లు కాదు, చిట్టాలోని పద్దులు సర్ది ఎక్కించినగాని పనికిరాదు. టి.ఎస్., ఎం.కె.వి. రకపు ఫైళ్ళు చిట్టా వంటివి. టి.ఎస్. ఫైలులో వీడియో 188 బైట్ల చిన్న చిన్న పొట్లములుగా నుండును. టెలివిజను ప్రసారమును ఎవరు ఏ క్షణమున పెట్టినను బొమ్మ వచ్చుటకై ఏర్పరచిన పద్ధతి ఇది. సాధారణపు ఎం.పి.4 ఫైలు ఆవర్జా వంటిది. ఏ దృశ్యము ఎక్కడ నున్నదో తెలుపు సూచిక రికార్డు ఆపినప్పుడే వ్రాయబడును. అందుచే రికార్డు సాగుచుండగా అది తెరచుకొనదు. అంతకంటె నష్టకరమైనది, నడిరాత్రి కరెంటు పోయినచో సూచిక వ్రాయబడక ఆ రాత్రి రికార్డంతయు చేజారవచ్చును. చిట్టా రకపు ఫైళ్ళలో కరెంటు పోయిన క్షణమునకు ముందున్నది చాలవరకు దక్కును. కరెంటుకు నమ్మకము లేని మన పల్లెలకు ఈ ఒక్క కారణము చాలునని నా అభిప్రాయము.

ఉచితముగా లభించు ఓ.బి.ఎస్. స్టూడియో అను ప్రోగ్రాములో రికార్డింగు ఫార్మాటు అను చోట ఎం.కె.వి. అని ఎంచుకొనవలెను. చూచుటకు వి.ఎల్.సి. ప్లేయరు సరిపోవును, ఇదియు ఉచితమే. రికార్డు సాగుచుండగా ఫైలుండు ఫోల్డరు తెరచి, ఆ ఫైలును వి.ఎల్.సి.లో తెరచి, గంట వెనుకకో రెండు గంటల వెనుకకో జరిపి చూడవలెను. మొత్తము నిడివి సరిగా చూపకపోవచ్చును. జరుపునప్పుడు కొంత తడబడవచ్చును. తెరచిన వేళకు వ్రాసినంతవరకే చూపి ప్లేయరు ఆగిపోయిన, కంగారు పడక మూసి మరల తెరచినచో తరువాతి భాగము వచ్చును. చిట్టచివరి కొన్ని సెకనులు ఇంకను డిస్కు చేరి యుండవు గనుక వాటిని ప్రత్యక్ష దృశ్యములోనే చూడవలెను.

డి.వి.ఆర్. పెట్టె గల కెమెరాలు కొన్నవారికి ఈ శ్రమ లేదు. ఆ పెట్టె రికార్డు చేయుచునే పాత దృశ్యమును చూపును.

రికార్డు ముగియులోపల ఆ ఫైలు పేరు మార్చుట, వేరొక చోటికి జరుపుట, తీసివేయుట కూడదు. ఫ్యాట్-32 పద్ధతిలో నున్న పెన్ డ్రైవులోనికి నేరుగా రికార్డు చేయరాదు. అందు ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లకు మించదు. పైని చెప్పిన లెక్కన రెండుంబావు గంటలు దాటిన కొద్దిసేపటికే రికార్డు నిలిచిపోవును. పది గంటల రాత్రికి 18 గిగాబైట్లు కావలెను, కావున ముందుగనే ఖాళీ చూచుకొనవలెను. యు.ఎస్.బి. కెమెరా తీగ 5 మీటర్లు మించిన పని చేయునని నమ్మరాదు. కొట్టము దూరముగా నున్నచో నెట్‌వర్కు తీగతో పని చేయు కెమెరా మేలు. ఆ తీగ 100 మీటర్ల వరకు పోవును. కెమెరా బొమ్మమీద గడియారము వేళ పడునట్లు అమర్చుకొని, ఆ వేళ సరిగా నున్నదో లేదో సాయంత్రమే సరిచూచుకొనుడు. అది తప్పయినచో రికార్డంతయు ఉండియు వైద్యునికి చెప్పు వేళ తప్పే యగును.

దూడ పుట్టిన తరువాత కూడ రికార్డును వెంటనే ఆపవద్దు. మాయ 8 మొదలు 12 గంటలలోపల పడవలెను. అది పడిన వేళ తెలియుట, పడినదానిని పశువు తినకుండ తీసివేయుట రెండును అవసరమే. అంతయు ముగిసిన పిమ్మట రికార్డు ఆపి, ఈనిన భాగము మాత్రము వేరుగా దాచుకొని, మిగిలినది చెరిపివేసినచో మరుసటి పశువునకు డిస్కులో చోటు మిగులును.