చీకటిగదీ, వడ్రంగి మాటలూ

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మన్నారు పెద్దలు. మేము మాత్రం వెలుతురు చొరకుండా ఒక గది చక్కబెట్టుకొనడానికి పూనుకొన్నాము.

చెన్నపట్నంలో మాది మూడు తరాల కాపురము. అటక మీద తాతగారి ఎన్లార్జరూ, నెగటివులు దాచిన రేకుపెట్టె ఒకటీ దొరికినవి. సెల్‌ఫోనులో వేలకొద్దీ ఫోటోలు తీసే మా అమ్మాయి, వీటిని మన చేతులతోనే ప్రింటు తీద్దామని పట్టుబట్టినది. స్నానాలగదిని ఆనుకొని 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల సామాన్ల కొట్టు ఉన్నది. నీరు దగ్గర, కిటికీ లేదు. ఇంకేమి కావలెను? మాటలు కావలసివచ్చినవి!

ఆచారిగారిది తమిళము. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళము, కొలతలకు ఇంగ్లీషు. "తలుపు చుట్టూ నల్లగుడ్డ అంటించండి" అన్నాము. ఆయన చెప్పినట్లే అంటించారు. పట్టపగలు మొదటి ప్రింటు తీస్తే కాగితమంతా బూడిదరంగుకు తిరిగినది. ఊటీలో 1960లో ఏర్పడి "ఇందు" పేరుతో ఫిల్మూ కాగితమూ చేసిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ మూతబడిపోయిన ఈ రోజులలో, కాగితము లెక్కచూసి వాడవలసిన సరుకు.

లోపల దీపమార్పి పావుగంట కూర్చున్నాము. కన్ను చీకటికి అలవాటుపడితే గాని దొంగవెలుతురు దొరకదు. గడప లేని చోట ఒక గీత, బందుల వైపు ఒకటి, తాళపు కన్నములో చుక్క!

అప్పుడు మా మామ్మ అన్నది: "గుడ్డ కాదురా, ద్వారబంధానికి గాడి తీయించండి. తలుపు అందులో కూర్చోవాలి. కింద గడప పెట్టించండి." ఆమె పుట్టింటి పెరట్లో వడ్రంగులు పనిచేస్తూండగా పెరిగిన మనిషి. నిలువు కమ్ములు, పైకమ్మి, కమ్మి కొసను సన్నగా కోసి బెజ్జములో దూర్చే కుసి, రెక్క, గడియ - వరుసగా చెప్పుకొచ్చినది. మాలో ఎవరికీ అందులో సగమైనా తెలియవు. తప్పు ఆచారిగారిది కాదు, పేరు తెలియక పని చెప్పిన మాది.

"గాడి ఉలితో తీయాలి" అనగానే ఆచారిగారు నవ్వారు. ఉలి ఆయనకూ ఉళియే. కన్నడము వారికీ ఉళియే. మన రంపము తమిళములోనూ రంపమే, కన్నడములో గరగస. రసమట్టము, మూలమట్టము రెండుచోట్లా చుట్టాలే. మన మేకు మాత్రము అక్కడ ఆణి, కన్నడములో మొళె. మన బందు తమిళములో కీల్. పనిముట్లు పట్టుకొని మాట్లాడుకొంటే పని సులువైనది.

గాడిలో నల్ల మఖమలు అంటించి, గడప వేసిన తరువాత వెలుతురు ఆగినది. ఇక గట్లు. 3 అడుగుల ఎత్తున, 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో రెండు: ఎన్లార్జరుకు పొడిగట్టు, పళ్ళాలకు తడిగట్టు. తడిగట్టు అంచున రీపరు కొట్టి, నీరు తూముకు పోయేటట్లు కొద్దిపాటి వాలు ఇచ్చాము. నీటిచుక్క కాగితము మీద పడకుండా నడుమ నిలువుపలక. స్విచ్చులన్నీ పొడివైపే. గోడలన్నీ నల్లగా ఉండనక్కరలేదు. ఎన్లార్జరు వెనుక గోడ నలుపైతే చాలు. మిగిలినవి తెలుపైతే ఎర్రదీపపు కాంతి గదంతా పరచుకొంటుంది. ఆ ఎర్రదీపము మామూలు నలుపు-తెలుపు కాగితానికే. ఫిల్ముకు కటికచీకటి కావలెను.

మందుల ఆవిరి పోవడానికి ఫ్యాను తప్పదు. దాని ముందు పలకలను ఎదురుబొదురుగా అమర్చి, లోపల మెరుపులేని నల్లరంగు వేయించాము. గాలి వంకరలు తిరిగి పోతుంది, వెలుతురు పోలేదు. డెవలపరు 20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉండాలి గనుక మన ఎండలకు పళ్ళెమును మంచునీటి తొట్టిలో నిలపవలెను. వాడిన హైపోలో వెండి కరిగి ఉంటుంది. బావిలోనూ, మొక్కల మొదటనూ పోయరాదు.

రెండవసారి ప్రింటు తీసిన రోజున మామ్మ కూడా లోపలికి వచ్చినది. ఎర్రదీపము కింద, పళ్ళెములో, పెళ్ళిపందిరి గుంజ పక్కన ఆమె ఇరవయ్యేళ్ళ ముఖము మెల్లమెల్లగా తేలినది. చాలాసేపు చూచి, "ఆ పందిరి గుంజలు మా నాన్న దగ్గరుండి పాతించినవే" అన్నది. అంతే.

ఆ రాత్రి అమ్మాయి ఆమె పక్కన కూర్చుని వడ్రంగి మాటలన్నీ నోటుపుస్తకములో వ్రాసుకొన్నది. బళ్ళారిలో, హోసూరులో, బరంపురములో, యానాములో ఉన్న మన సోదరీసోదరులను మేము కోరేది ఇదే. ఇంటి పెద్దలను వాకిట నిలిపి, తలుపులో ఒక్కొక్క భాగమును చూపి పేరు అడగండి. కాగితము మీద వ్రాసి పంపండి. ఫిల్ము మీది బొమ్మ ఎన్నేళ్ళైనా పెట్టెలో పడి ఉంటుంది. మాట అట్లా ఉండదు.