పాత కలప కొనే ముందు

చెన్నైలోని జార్జిటౌన్, మైలాపూరు, ట్రిప్లికేన్ వంటి ప్రాంతాలలో పాత ఇళ్లు కూల్చినప్పుడు దూలాలు, ద్వారబంధాలు, తలుపులు అమ్మకానికి వస్తాయి. ‘మద్రాసు టెర్రస్’ అనే మిద్దెలను టేకు దూలాలపై సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నంతో నిర్మించేవారు. ఆనాటి టేకు బర్మా నుండి ఓడలపై వచ్చేది. 2014 ఏప్రిల్ నుండి ఆ దేశం ముడి దుంగల ఎగుమతిని నిలిపివేసింది. అందుచేత పాత బర్మా టేకుకు గిరాకీ ఎక్కువ. అయితే పాతదైనంత మాత్రాన ప్రతి కర్రా మేలైనది కాదు. కుప్పలో కనబడే కలపకు గాక, శుభ్రం చేసిన పిదప మిగిలే కలపకే వెల కట్టాలి.

లెక్క కట్టే విధానం

కలపను ఘనపుటడుగులలో కొలుస్తారు. అడుగులలో పొడవును, అంగుళాలలో వెడల్పును, మందాన్ని గుణించి 144తో భాగించాలి. 8 అడుగుల పొడవు, 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం గల దూలం ఘనపుటడుగులో మూడింట రెండు వంతులు. మేకుల గుంతలు, పుచ్చు తొలగించడానికి నలువైపులా అరంగుళం చొప్పున కోస్తే 3 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందమే మిగులుతుంది. అనగా సరిగ్గా సగం కలప పోతుంది, ధర రెట్టింపవుతుంది. దానికి కోత కూలి, వడ్రంగి కూలి, రవాణా ఖర్చు కలపాలి. ఆ మొత్తం అదే రకపు కొత్త కలప ధరను మించితే కొనుగోలు లాభసాటి కాదు.

పరీక్షించవలసినవి

చేవ: ఒక మూల కొద్దిగా చెక్కించి చూడాలి. టేకు చేవ బంగారు గోధుమ వన్నెలో ఉంటుంది, చెదలను తట్టుకుంటుంది. అంచున ఉండే తెల్లచెక్కకు ఆ శక్తి లేదు. తమిళ వ్యాపారులు చేవను ‘వైరం’ అంటారు.

పుచ్చు: రంధ్రాల నుండి మెత్తని పొడి రాలుతుంటే పురుగు ఇంకా ఉన్నట్లు అనుమానించాలి. కర్రను తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే కొనరాదు.

మేకులు: లోపల విరిగిన మేకులు రంపపు పళ్లను పాడుచేస్తాయి, పనివానికి గాయం చేయగలవు. అయస్కాంతంతో వెదికించిన తరువాతనే కోతకు పంపాలి.

తేమ: అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే వానలలో ఆరుబయట తడిసిన కలపను వెంటనే వాడరాదు. నీడలో, గాలి ఆడేలా పేర్చి ఆరనివ్వాలి.

పాత రంగుతో జాగ్రత్త

ఇళ్లకు వేసే రంగులలో సీసం 90 పీపీఎంకు మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకు పూర్వపు రంగులలో సీసం ఉండవచ్చు. ఆ ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హానికరం. కనుక అటువంటి తలుపును ఇంటిలో పొడిగా గీకరాదు. తడిపి, ముఖానికి తగిన మాస్కు ధరించి, పిల్లలకు దూరంగా గీకించాలి. రంగు చెక్క ముక్కలను పొయ్యిలో గాని, భోగిమంటలో గాని వేయరాదు. వాటిని పారిశుద్ధ్య సిబ్బందికి అప్పగించాలి.