వెండి పూడ్చిన నది, నది వదిలిన వీధి

మెక్సికోలోని గ్వానహ్వాతో రాష్ట్రానికి రాజధాని గ్వానహ్వాతో పట్టణం. అయితే ఆ రాష్ట్రంలో పెద్ద ఊరు ఇది కాదు. 2020 జనాభా లెక్కల్లో లియోన్ మునిసిపాలిటీ 17 లక్షలు దాటితే, రాజధాని మునిసిపాలిటీ 1,94,500 దగ్గర ఆగింది. 1803లో ఇక్కడికి వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫన్ హంబోల్ట్ పట్టణంలోనూ చుట్టుపక్కల గనుల్లోనూ కలిపి దాదాపు 70 వేల మంది ఉన్నారని లెక్క రాశాడు. 2010లో ఒక్క పట్టణ జనాభా 72 వేలు. రెండు లెక్కల హద్దులు వేరే అయినా, ఈ ఊరు ఏనాడో నిండిపోయిందని ఇవి చెబుతాయి. సముద్రమట్టానికి 2,000 మీటర్ల ఎత్తున, కొండల మధ్య ఇరుకు లోయలో ఉన్న పట్టణానికి పెరగడానికి చోటు లేదు. ఒకచోట సందు వెడల్పు 68 సెంటీమీటర్లే.

ఇంత ఇరుకులో జనం కాపురం పెట్టడానికి కారణం వెండి. 16వ శతాబ్దం మధ్యలో ఖనిజం బయటపడింది. 1768లో వాలెన్సియానా గనిలో అసలైన సిరి తగిలాక, 18వ శతాబ్దంలో ప్రపంచంలో వెండి తీసే చోట్లలో ఇదే ముందు నిలిచింది. ‘నరకపు నోరు’ అని పేరుపడ్డ గని బావి 12 మీటర్ల వెడల్పు, 600 మీటర్ల లోతు. గని యజమాని ఆ డబ్బుతో కట్టించిన శాన్ కయెతానో చర్చి 1788లో పూర్తయింది. లోపల పీఠాలు నేటికీ బంగారు రేకులతో ధగధగలాడుతున్నాయి.

చర్చిని అందరూ చూస్తారు. వెండి మిగిల్చిన మట్టి ఎక్కడికి పోయిందో చాలామంది అడగరు. ఖనిజాన్ని కంచరగాడిదలు తిప్పే రాళ్ల కింద పిండి చేసి, పాదరసం, ఉప్పు కలిపి వెండిని వేరుచేసేవారు. ఈ కర్మాగారాలన్నీ నది ఒడ్డునే ఉండేవి. మిగిలిన బురద ఆ నదిలోకే చేరేది. ఏటా నదీగర్భం పైకి లేచింది. దాని ఫలితంగా 1760, 1780, 1905 సంవత్సరాల్లో వరద ఊరి మీద పడింది. జనం పాత గోడల మీదే కొత్త అంతస్తులు లేపుకున్నారు. శాన్ దియేగో చర్చి పక్కన మెట్లు దిగితే పాత మఠం గదులు కనిపిస్తాయి. ఒకప్పుడు అవి వీధితో సమానంగా ఉండేవి. ఇప్పుడు మన కాళ్ల కింద ఉన్నాయి. ఈ ఊరి చరిత్రను ఒక్కచోట చూడాలంటే నేను పంపేది అక్కడికే.

1905 జులై 1 వరద తర్వాత నీటిని కొండ కిందుగా మళ్లించే సొరంగాల పని ఊపందుకుంది. గని తవ్వే చేతులకు కొండను తొలవడం కొత్త కాదు. నది పక్కకు తప్పుకోగా, ఎండిపోయిన పాత కాలువను 1960లలో వాహనాల దారిగా మార్చారు. సుమారు 3 కిలోమీటర్ల ఆ పాతాళ వీధిలో రాతి కమానుల కింద ఇప్పుడు బస్సులు తిరుగుతున్నాయి.

ఆ వీధికి పెట్టిన పేరు తిరుగుబాటు నాయకుడు మిగెల్ ఇదాల్గోది. ఆయన కథ ఈ ఊరి ధాన్యాగారంతో ముడిపడి ఉంది. 1785–86 నాటి కరువు తర్వాత, మళ్లీ జనం ఆకలితో చావకూడదని కట్టిన ధాన్యాగారం అలోండిగా. అది 1809లో పూర్తయింది. ఏడాది తిరగకముందే, 1810 సెప్టెంబరు 28న, స్పెయిన్ పాలనపై తిరగబడిన ఇదాల్గో సైన్యం దాన్ని చుట్టుముట్టింది. లోపల దాక్కున్న సంపన్నులతో పాటు ప్రాంతాధిపతి రియాన్యో కూడా చనిపోయాడు. 1811లో ఇదాల్గోతో సహా నలుగురు నాయకులను చంపి, వారి తలలను ఆ భవనం నాలుగు మూలలా వేలాడదీశారు. అవి 1821 దాకా అక్కడే ఉన్నాయి. ఆకలి తీర్చే కట్టడానికి అంతకన్నా క్రూరమైన వాడకం ఊహించలేం.

1988లో యునెస్కో ఈ పట్టణాన్నీ గనులనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎగువన 1740లలో కట్టిన ఓయా ఆనకట్ట నేటికీ నిలిచి ఉంది. ఏటా జులై మొదటి సోమవారం దాని తలుపులెత్తి నీటిని నదిలోకి వదులుతారు. వానాకాలం ముదిరే ముందు కాలువను కడగడానికి మొదలైన ఆ పని ఇప్పుడు బ్యాండు మేళంతో సాగే ఊరి పండుగ.